కుక్కల శిక్షణలో తాయిలం

కుక్కల శిక్షణలో తాయిలం అనగా, కుక్క తనకు చెప్పిన పనిని సరిగా చేసిన వెంటనే దానికి బహుమతిగా అందించే చిన్న ఆహారపు ముక్క. ఇంగ్లీషులో దీనిని ట్రీట్ అంటారు. పిలిస్తే రావడం, కూర్చోవడం, నోటిలోని వస్తువును వదలడం వంటి పనులను కొట్టకుండా, భయపెట్టకుండా నేర్పడానికి ఇది ప్రధాన సాధనం. అయితే కొన్ని కుక్కలు తిండికి పేచీ పెడతాయి. ఇచ్చిన ముక్కను వాసన చూసి వదిలివేస్తాయి. అటువంటి కుక్కకు ఏది తాయిలంగా పనికివస్తుంది, ఏది హాని చేస్తుంది అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

శాస్త్రీయ నేపథ్యం

రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆహారానికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం వినిపిస్తే, కొంతకాలానికి ఆ సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరుతుందని ఆయన ప్రయోగాలు చూపాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగాలను ప్రచురించాడు. తృప్తినిచ్చే ఫలితం కలిగిన పనిని జంతువు మళ్ళీ చేస్తుందన్నది ఆయన సూత్రం. ఇదే ఫలిత నియమం. బి.ఎఫ్. స్కిన్నర్ దీనిని మరింత విస్తరించాడు.

ఈ సూత్రం ప్రకారం బహుమతి ఏదో నిర్ణయించేది యజమాని కాదు, కుక్క. ఎంత ఖరీదైన తినుబండారమైనా కుక్క దానికోసం మళ్ళీ ఆ పని చేయకపోతే అది బహుమతి కాజాలదు.

పేచీకి కారణాలు

అనారోగ్యం: బాగా తినే కుక్క హఠాత్తుగా తిండి మానివేస్తే దానిని పేచీగా భావించరాదు. పంటి నొప్పి, చిగుళ్ళ వాపు, కడుపులో పురుగులు, కాలేయ వ్యాధులు ఇందుకు కారణం కావచ్చు. వేడి ప్రాంతాలలో పిడుదుల ద్వారా సోకే ఎర్లిషియోసిస్ అనే జ్వరంలో కూడా ఆకలి తగ్గుతుంది. ఎదిగిన కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోయినా, కుక్కపిల్ల అంతకంటె తక్కువ వ్యవధి తినకపోయినా పశువైద్యునికి చూపించవలెను.

కడుపు నిండి ఉండుట: రోజంతా గిన్నెలో ఆహారం ఉంచినా, ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద పెట్టినా తాయిలానికి విలువ ఉండదు.

భయం: బెదిరిన కుక్క తనకు ఎంతో ఇష్టమైన దానిని కూడా ముట్టదు. ఇంట్లో తినే ముక్కను బజారులో నిరాకరిస్తే మార్చవలసినది ముక్కను కాదు, చోటును.

ఎండ: వేసవిలో కుక్కలకు ఆకలి మందగిస్తుంది. రోహిణి కార్తె రోజులలో తెల్లవారుజామున శిక్షణ ఇవ్వడం మేలు.

జన్యువులు: తిండిపై ఆసక్తి కొంతవరకు పుట్టుకతో వస్తుంది. లాబ్రడార్ జాతిలో సుమారు నాలుగింట ఒక వంతు కుక్కలలో ఆకలిని పెంచే ఒక జన్యు మార్పు ఉన్నట్లు 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు వెల్లడించారు. పొరుగింటి లాబ్రడార్‌తో పోల్చి తమ కుక్కను పేచీకోరు అనుకోవడం సరికాదు.

యజమాని నేర్పిన అలవాటు: కుక్క అన్నం వదిలివేయగానే గుడ్డు, గుడ్డు వదిలివేయగానే కోడికూర తెచ్చిపెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఇక్కడ ఫలిత నియమం తలక్రిందులుగా పనిచేస్తుంది. నిరాకరించిన ప్రతిసారీ మరింత రుచికరమైనది లభిస్తుండగా, నిరాకరించడమే లాభసాటి పని అని కుక్క నేర్చుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు వేళ ప్రకారం ఆహారం పెట్టి, 15 - 20 నిమిషాల తరువాత గిన్నె తీసివేస్తే ఈ అలవాటు క్రమంగా తగ్గుతుంది.

ఎంపిక పరీక్ష

కుక్క ఇష్టాన్ని తెలుసుకొనడానికి ఇంట్లోనే ఒక సులువైన పరీక్ష చేయవచ్చు. భోజనానికి గంట ముందు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, రెండు పదార్థాలను సమాన పరిమాణంలో రెండు పళ్ళాలలో ఉంచి, కుక్క దేనిని ముందు తిన్నదో వ్రాసుకోవలెను. కొన్ని కుక్కలు ఎప్పుడూ ఒకే పక్కకు వెళ్తాయి కనుక మరుసటి సారి పళ్ళాల స్థానాలు మార్చవలెను. కొన్ని రోజులు ఇలా చేస్తే పదార్థాలను మూడు తరగతులుగా విభజించవచ్చు: ఇంట్లో సులువైన పనులకు సాధారణ తాయిలం, వాకిట్లో మధ్యరకం, వీధిలో కష్టమైన పనులకు అత్యంత ఇష్టమైనది.

కుక్క రుచికంటె వాసనకు ఎక్కువ ప్రాధాన్యమిస్తుంది. అందువలన చల్లని ముక్కను గోరువెచ్చగా చేస్తే వాసన పెరిగి, అంతకు ముందు వదిలివేసిన కుక్క కూడా తినవచ్చు. మెత్తగా ఉండి, నమలకుండా మింగగలిగినది శిక్షణకు అనువైనది.

తీరాంధ్ర వంటింటి పదార్థాలు

బాపట్ల జిల్లాలోని చీరాల - పేరాల, బాపట్ల, రేపల్లె, గుంటూరు జిల్లాలోని తెనాలి వంటి పట్టణాలలో తాయిలానికి కావలసినవి వంటింటిలోనే లభిస్తాయి. ఇవన్నీ ఉప్పు, కారం, నూనె, తిరగమోత తగలక ముందే విడిగా తీసి ఉంచవలెను.

కోడిమాంసం: తోలు, ఎముక తీసి నీటిలో ఉడికించిన ముక్కలు చాలా కుక్కలకు నచ్చుతాయి. ఉడికించిన కార్జం వాసన ఎక్కువ కనుక పేచీకోరు కుక్కలకు బాగా పనిచేస్తుంది. అయితే దానిలో విటమిన్ ఎ అధికం కనుక కొద్దిగా మాత్రమే ఇవ్వవలెను.

చేపలు: తీరప్రాంతంలో తాజా చేపలకు కొదవ లేదు. ఉడికించి, ముళ్ళు పూర్తిగా తీసి ఇవ్వవచ్చు. ఎండుచేపల వాసనకు కుక్కలు ఆకర్షింపబడతాయి గాని ఉప్పుచేప పనికిరాదు. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్ళను ఇసుక పోయేలా కడిగి, ఉడికించి, చిన్న తునకలుగా చేయవచ్చు.

గుడ్డు, పాల పదార్థాలు: ఉడికించిన గుడ్డు, ఉప్పులేని పనీరు మంచివి. పాలు అనేక కుక్కలకు విరేచనాలు కలిగిస్తాయి.

శాకాహారం: ఉడికించిన చిలగడదుంప, క్యారట్ కొన్ని కుక్కలు ఇష్టంగా తింటాయి. కుక్కలు తీపిని గుర్తించగలవు.

వేరుశనగ: ఉప్పులేని వేయించిన గింజలు ఒకటి రెండు ఇవ్వవచ్చు. బూజు పట్టిన గింజలలోని అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేటపాలెం జీడిపప్పు ప్రసిద్ధమైనదే అయినను అందులో క్రొవ్వు ఎక్కువ కనుక తరచుగా పెట్టరాదు.

పెట్టకూడనివి

పేచీ పెట్టే కుక్కకు చేపల పులుసులోని ముక్క పెట్టడం చాలా ఇళ్ళలో కనిపించే అలవాటు. ఇది ప్రమాదకరం. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను నశింపజేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలలో మూత్రపిండాలు దెబ్బతినడానికి టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండులో కూడా ఈ ఆమ్లం అధికంగా కలదు. చింతపండు తిన్న కుక్కలలో మూత్రపిండాల వైఫల్యం నమోదైంది. కనుక పులుసు, చారు, పులిహోర కుక్కలకు దూరంగా ఉంచవలెను.

ఇవి కాక చాకొలెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన చూయింగ్ గమ్ మరియు మిఠాయిలు, పచ్చళ్ళు, మద్యం విషతుల్యమైనవి లేదా హానికరమైనవి. ఉడికించిన ఎముకలు పదునుగా విరిగి ప్రేగులకు గుచ్చుకుంటాయి. టీ దుకాణాల బిస్కెట్లలో పిండి, చక్కెర తప్ప కుక్కకు ఉపయోగపడేది అంతగా లేదు.

పరిమాణం

తాయిలాలు రోజువారీ ఆహారపు కేలరీలలో 10 శాతం మించరాదని పశువైద్యులు సూచిస్తారు. 10 కిలోల బరువున్న ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 600 కిలోకేలరీలు అవసరం. అనగా తాయిలాల వాటా సుమారు 60. ఇది దాదాపు 35 గ్రాముల ఉడికించిన కోడిమాంసానికి సమానం. అర గ్రాము చొప్పున త్రుంచితే 70 ముక్కలు వస్తాయి. శనగగింజంత ముక్క చాలును. ఆ మేరకు భోజనాన్ని తగ్గించవలెను.

ఇచ్చే పద్ధతి

పని పూర్తయిన క్షణంలోనే "శభాష్" వంటి ఒకే మాట పలికి, ఒకటి రెండు సెకన్లలో ముక్క అందించవలెను. ముందుగా ముక్కను చూపి పని చేయిస్తే అది బహుమతి కాక లంచమవుతుంది. చేతిలో ముక్క లేనినాడు కుక్క మాట వినదు. పని బాగా వచ్చిన తరువాత ప్రతిసారీ కాక, అప్పుడప్పుడు ఇస్తే అలవాటు నిలుస్తుంది.

ఏ ఆహారానికీ లొంగని కుక్కకు బంతి ఆట, తాడు లాగుడు, గడ్డిలో వాసన చూసే స్వేచ్ఛ వంటివి బహుమతి కాగలవు. పేలుడు పదార్థాలను, మాదకద్రవ్యాలను పసిగట్టే కుక్కలలో చాలావాటికి బంతియే బహుమతి.

ప్రాముఖ్యత

చీరాల, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మీదుగా 216వ జాతీయ రహదారి పోతున్నది. తలుపు తీయగానే వీధిలోకి పరుగెత్తే కుక్క, పిలిచిన వెంటనే వెనుదిరుగుతుందా లేదా అన్నది దాని ప్రాణానికి సంబంధించిన విషయం. ఆ ఒక్క పిలుపుకు మాత్రం కుక్కకు అత్యంత ఇష్టమైన తాయిలాన్ని కేటాయించి, అది వచ్చిన ప్రతిసారీ తప్పక ఇవ్వవలెనని, వచ్చిన కుక్కను ఎన్నడూ దండించరాదని శిక్షకులు చెబుతారు.

ఇవి కూడా చూడండి

కుక్క
ఇవాన్ పావ్లోవ్
రేబీస్
చీరాల