రంగస్థలంపై వెలుగు: కొళాయి నుండి అంకె వరకు

నాటకం చూచేటప్పుడు మన దృష్టి నటుల మీదనే ఉంటుంది. తెల్లవారినట్లు, పొద్దుగూకినట్లు, మెరుపు మెరిసినట్లు మనకు తోస్తుంది. కాని ఆ మార్పులన్నీ చేసే మనిషి మనకు కనిపించడు. ఆ మనిషికి మొదటినుండి రెండు చిక్కులున్నాయి. దీపాలు అనేకం, చేతులు రెండే; ఇది మొదటి చిక్కు. ఏ దీపం ఎప్పుడు ఎంత వెలగవలెనో అంతా జ్ఞాపకముంచుకొనవలె, ఇది రెండవది. నేడు ఒక చిన్న కంప్యూటరు, తగిన సాఫ్ట్‌వేరు ఉంటే పాఠశాల వార్షికోత్సవంలో సైతం ఈ రెండు చిక్కులూ తీరుతాయి. ఆ సాఫ్ట్‌వేరును నేర్వదలచినవారు ముందుగా దాని పూర్వచరిత్ర తెలుసుకొంటే మంచిది.

1817లో లండనులోని లైసియం, డ్రూరీ లేన్ నాటకశాలల రంగస్థలాలకు గ్యాసు దీపాలు వచ్చాయి. తరువాత గ్యాసు గొట్టాలన్నింటినీ ఒకచోటికి చేర్చి కొళాయిలు అమర్చారు. ఒక మనిషి ఆ కొళాయిల బల్ల దగ్గర నిలబడి, రంగస్థలాన్నంతా వెలిగించగలిగాడు, మసక చేయగలిగాడు. నేటి దీపనియంత్రణ బల్లకు ఇదే ముత్తాత. కాని మంటతో చేసిన స్నేహం ప్రాణాల మీదికి తెచ్చింది. 1881 డిసెంబరు 8న వియన్నా నగరంలోని రింగ్ థియేటరులో గ్యాసు దీపాలు వెలిగిస్తుండగా నిప్పంటుకొని వందలమంది మరణించారు.

ఆ నెల 28వ తేదీననే లండనులోని సవాయ్ నాటకశాల రంగస్థలం విద్యుద్దీపాలతో వెలిగింది. అవి జోసెఫ్ స్వాన్ తయారుచేసిన బల్బులు. నాటకశాల యజమాని రిచర్డ్ డాయిలీ కార్ట్, వెలుగుతున్న బల్బుకు పలుచని గుడ్డ చుట్టి ప్రేక్షకుల ఎదుటనే పగులగొట్టాడు. దీపం ఆరిపోయిందే గాని గుడ్డ అంటుకొనలేదు. వందల ఉపన్యాసాలు చెప్పలేని మాటను ఆ ఒక్క ప్రయోగం చెప్పింది.

అయితే విద్యుద్దీపాన్ని మసక చేయడం ఎట్లా? దీపంతో శ్రేణిలో నిరోధకాన్ని చేర్చితే విద్యుత్ప్రవాహం తగ్గి వెలుగు తగ్గుతుంది. ఇది సులభమే, కాని నిరోధకంలో విద్యుచ్ఛక్తి వేడిగా మారి వ్యర్థమైపోతుంది. పైగా ఆ బరువైన మీటలను తిప్పడానికి పెద్ద నాటకశాలలలో పలువురు మనుషులు కావలసివచ్చేది. 1947లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ ఐజనూర్ థైరట్రాన్ గొట్టాలతో కొత్త పద్ధతి చూపాడు. చిన్న సంకేతంతో పెద్ద ప్రవాహాన్ని అదుపు చేయడం ఇందులోని కిటుకు. కాబట్టి నడిపేవాడు దూరంగా కూర్చొని, రాబోయే దృశ్యాలను ముందుగానే అమర్చుకొనవచ్చు. 1957లో వచ్చిన సిలికాన్ నియంత్రిత రెక్టిఫయరు క్రమంగా ఆ గొట్టాల స్థానాన్ని ఆక్రమించింది. అది ప్రత్యావర్తి విద్యుత్తు ప్రతి అర్ధచక్రంలోను కొంత ఆలస్యంగా తలుపు తెరుస్తుంది. ఆలస్యం ఎంత ఎక్కువైతే వెలుగు అంత తక్కువ. దీనితో చేతుల చిక్కు తీరింది.

జ్ఞాపకం చిక్కు తీర్చింది కంప్యూటరు. 1975లో న్యూయార్కు బ్రాడ్వేలో ‘ఎ కోరస్ లైన్’ నాటకానికి దీపాలంకరణ చేసిన థారన్ మస్సర్ అనే మహిళ, దృశ్యాలను తనలో దాచుకొనే కంప్యూటరు బల్లను వాడింది. బ్రాడ్వేలో అటువంటిది అదే మొదటిది. ఒక మీట నొక్కితే వెలుగంతా రాత్రి తరువాత రాత్రి అదే కొలతలో వచ్చేది.

ఇక మిగిలింది భాష. ఒక కంపెనీ బల్ల మరొక కంపెనీ డిమ్మరుతో మాట్లాడలేకపోయేది. 1986లో అమెరికాలోని నాటకసాంకేతిక సంస్థ యు.ఎస్.ఐ.టి.టి. అందరికీ సమానమైన డి.ఎమ్.ఎక్స్. 512 అనే ప్రమాణాన్ని వెలువరించింది. ఒక తీగ జత మీద 512 అంకెలు వరుసగా పోతాయి. ఒక్కొక్క అంకెకు 8 బిట్లు. అంటే 0 నుండి 255 వరకు 256 మెట్లు. మొత్తం వరుస సెకనుకు సుమారు 44 సార్లు పోతుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేరు పని సుబోధమవుతుంది. ఆ 512 అంకెలను వ్రాసి పంపడమే దాని పని. ఉచితంగా లభించే క్యూ.ఎల్.సి. ప్లస్ వంటి దానిలో మొదట మన దీపాలను పేర్కొని, ఒక్కొక్కదానికి చిరునామా ఇవ్వవలె. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్ల దీపానికి 1వ చిరునామా ఇస్తే అది 1, 2, 3 అంకెలను తీసుకొంటుంది. రెండవ దీపం 4తో మొదలుకావలె. పొరపాటున 3 ఇస్తే, మొదటిదాని నీలం కదిలినప్పుడెల్లా రెండవదాని ఎరుపు కూడ కదులుతుంది. తరువాత వెలుగు కొలతలను ‘దృశ్యం’గా దాచి, దృశ్యాలను వరుసలో పేర్చవచ్చు. ఇటువంటి దీపాలు 512 అంకెలకు ఎన్ని పడతాయో, ఎన్ని అంకెలు మిగులుతాయో విద్యార్థులే లెక్కకట్టగలరు.

ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. ఈ భాష ఏకముఖమైనది. పంపిన అంకె సరిగా చేరినదో లేదో ఇందులో తెలియదు. దీపం విషయంలో తప్పు వస్తే ఒక క్షణం మిణుకుమంటుంది, అంతే. బాణసంచాకో, మనుషుల మీద కదిలే యంత్రానికో దీనిని కలిపితే ప్రాణాలు పోవచ్చు. ప్రమాదకరమైన పనులకు దీనిని వాడరాదని ఆ ప్రమాణమే చెబుతున్నది. వియన్నాలో మంటను నమ్మి ప్రాణాలు పోగొట్టుకొన్నారు. మనం అంకెను అంత గుడ్డిగా నమ్మరాదు. వెలుగును అంకెకు అప్పగించవచ్చు, ప్రాణాన్ని మాత్రం మనిషే కనిపెట్టుకొని ఉండవలె.