పాత రివాల్వరు, క్రొత్త సిలిండరు

తాతల నాటి రివాల్వరునకు సిలిండరు చెడిపోయినచో, అట్టిదే మఱియొకటి సంపాదించి యమర్చుకొనవచ్చునా యని చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పెద్దలు కొందఱు నన్నడుగుచుందురు. హైదరాబాదునకు పడమట, మఱ్ఱిచెట్ల నీడలో బిజాపూరు వైపు సాగెడి బాటను ఆనుకొనియున్న యూళ్లవి. పూర్వుల యాయుధమును లైసెన్సుతో భద్రపఱచుకొన్న యిండ్లు తెలంగాణమున నింకను అక్కడక్కడ కలవు. ప్రశ్న చిన్నదే. కాని దానికి తగిన సమాధానము చెప్పవలెనన్న, మానవుడు కొలతను నేర్చుకొన్న చరిత్రను కొంత తిరుగవేయక తప్పదు.

మొదట బండిచక్రమును తలచుకొనుడు. వడ్రంగి కుండను తొలిచి, ఆకులు దిగగొట్టి, పూటీలు కూర్చి చక్రము చేయును. కమ్మరి యినుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి దానికి తొడుగును. చేవెళ్లలో చేసిన చక్రమును మొయినాబాదులో చేసిన బండి యిరుసున కెక్కించి చూడుడు. కొంచెము వదులో, కొంచెము బిగువో కాక మానదు. చేసినవారి నైపుణ్యమున లోపమున్నదని దీని యర్థము కాదు. ఆ చక్రము తన యిరుసును చూచి చేయబడినది. రెండవ యిరుసును అది యెఱుగదు. పూర్వకాలపు తుపాకులన్నియు నిట్లే చేయబడెను. మీట విఱిగినచో పనివాడు ఇనుపముక్కను ఆకురాయితో అరగదీసి, పెట్టి చూచి, మరల అరగదీసి, ఆ యొక్క తుపాకికి మాత్రమే సరిపడు క్రొత్త మీటను సిద్ధపఱుపవలసి యుండెను.

హైదరాబాదు నడుమ గన్ ఫౌండ్రీ యను పేట కలదు. ఉర్దూలో దానిని తోప్ కా సాంచా యందురు. 1755లో జన్మించిన రేమండు అను ఫ్రెంచి సేనాని నిజాము అలీఖాను కొలువులో నుండి ఫిరంగులు పోతపోయించిన కార్ఖానా శిథిలములు నేటికి నచ్చట నున్నవి. ఆనాడు ఫిరంగిని మట్టిమూసలో పోసి, పిమ్మట మూసను పగులగొట్టి వెలికి దీయుట సామాన్యపద్ధతి. పంచలోహ విగ్రహమును పోసెడి స్థపతి చేయునదియు నదియే. మూస పగిలినది గనుక రెండవ ఫిరంగి మొదటిదానికి కవల కానేరదు. రేమండు 1798 మార్చి 25న మరణించెను. అదే యేడు అక్టోబరు 22న ఆంగ్లేయులు ఆయన సేనను నిరాయుధము గావించిరి. ఆయన సమాధి మలకుపేట ప్రాంతమున గుట్టపై నున్నది. మూసారాంబాగు అను పేరు ఆయన పేరునుండియే పుట్టినదందురు.

రేమండు మన దేశమున నున్న యా కాలమునందే ఆయన స్వదేశమున వేఱొక యాలోచన మొలకెత్తుచుండెను. గ్రిబోవాల్ అను ఫ్రెంచి సేనాధికారి 1765 మొదలు ఫిరంగులకును వాని బండ్లకును ఒకే కొలతలు నిర్ణయించెను. ఆ దారిలోనే హొనొరే బ్లాంకు అను తుపాకిపనివాడు తుపాకి మీటయంత్రపు భాగములన్నిటిని ఒకే మాదిరిగా చేయబూనెను. 1785లో అమెరికా దూతయైన జెఫర్సను పారిసులో దానిని స్వయముగా పరీక్షించెను. కలిపి పోసిన భాగములలో చేతికందినవి యేఱుకొని కూర్చగా అవి చక్కగ నమరినవని ఆయన తన దేశమునకు వ్రాసెను. ఆ యాలోచన ఫ్రాన్సులో నిలువలేదు; సముద్రము దాటి అమెరికాలో వేరుదన్నెను. 1826 ప్రాంతమున హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో హాలు అనునతడు చేసిన తుపాకులను విప్పి, భాగములను కలగలిపి, మరల కూర్చి పరీక్షించి, పరీక్షకులు సంతృప్తి చెందిరి.

ఇక రివాల్వరు సంగతి. 1946 నుండి 1951 వఱకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటపు దినములలో పల్లెల వినవచ్చిన బర్మారు తుపాకిని మీరెఱుగుదురు. మూతినుండి మందు, గుండు దట్టించి, ఒక్కమాఱు కాల్చి, మరల దట్టించుకొనవలయును. ఈ కష్టమును తీర్చుటకే అమెరికావాడగు శామ్యూలు కోల్టు తిరుగుడు పిస్తోలునకు 1836 ఫిబ్రవరి 25న తన దేశమున పేటెంటు పొందెను. దాని నడుమ ఐదారు గదులుగల గుండ్రని యినుపదిమ్మె యుండును. అదియే సిలిండరు. సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగినప్పుడు సిలిండరు ఒక గది మేర తిరిగి నిలుచును. పిదప మీట నొక్కిన సుత్తి పడును. మీట చేయునది ఈ యొక్క పనియే గనుక ఈ జాతిని సింగిల్ యాక్షన్ అందురు.

కోల్టు మొదటి కార్ఖానా 1842లో దివాలా తీసెను. 1847లో ప్రభుత్వము వేయి రివాల్వర్లు కోరగా ఆయన మరల నిలద్రొక్కుకొనెను. వాకరు పేరు గల ఆ భారీ రివాల్వర్లలో కొన్నింటి సిలిండర్లు కాల్చునప్పుడు పగిలిపోయెను. మందు పేలెడి తావు సిలిండరే గనుక మొదట దెబ్బతినునది యదియే. 1851 లండను మహాప్రదర్శనమున కోల్టు తన యంత్రనిర్మిత ఆయుధములను చూపి వాసికెక్కెను. 1853లో లండనులోనే కార్ఖానా తెఱచెను. 1857లో మన దేశమున పోరాడిన ఆంగ్లసేనాధికారుల నడుములయందు కోల్టు రివాల్వరులును, వానికి పోటీయైన ఆడమ్సు రివాల్వరులును ఉండెను.

కోల్టు కార్ఖానాలో నాలుగువందల యంత్రములు తిరిగినను, తుదకు ఆకురాయి పట్టిన మనుష్యుడు లేనిదే పని ముగియలేదు. ఆకాలపు కోల్టు రివాల్వరును విప్పి చూచినచో, చట్రముపైన, గొట్టముపైన, సిలిండరుపైన ఒకే సంఖ్య చెక్కబడి కనుపించును. భాగములు నిజముగా ఏది దేనికైనను సరిపడునవే యైనచో ఆ సంఖ్యతో పని యేమి? కూర్చునప్పుడు ఒకదానినొకటి చూచి అరగదీసిరి గనుకనే, మెఱుగు పెట్టుటకు విప్పిన పిదప తోడుభాగములు తప్పిపోకుండ గుర్తు వేసిరి.

సిలిండరున కింత పట్టుదల యేల? మూడు సంగతులు కలిసిరావలయును. సిలిండరు వెనుక పండ్లుండును. సుత్తి లేచునప్పుడు ఒక చిన్న యినుపవ్రేలు ఆ పంటిని నెట్టును. అంచునందలి గంటులోనికి క్రిందినుండి గడియ దూఱి సిలిండరును నిలుపును. నిలిచినప్పుడు గదియు గొట్టమును ఒకే వరుసలో నుండవలెను. వ్రేలు నెట్టుట ఒక వెండ్రుకవాసి తక్కువైనను గడియ గంటులో పడదు. గది ప్రక్కకు తొలగినచో గుండు గొట్టపు అంచునకు తగిలి సీసపుముక్కలు ప్రక్కలకు చిమ్మును. ఒక్కొక్కప్పుడు ఆయుధమే పగులును. ఇక సిలిండరు ముఖమునకును గొట్టమునకును నడుమ సందు అంగుళములో వెయ్యవవంతులతో లెక్కించునది. సందు ఎక్కువైన మంట వెలికి వచ్చును. తక్కువైన సిలిండరు మసి పట్టి తిరుగకుండును.

ఛందస్సు చదివినవారికి ఈ భేదము సులభముగ తెలియును. తేటగీతిలో ఇంద్రగణ మున్నచోట ఆఱింటిలో నేదైనను చెల్లును. ఉత్పలమాలలో భ ర న భ భ ర వ అను వరుసలో ఒక్క లఘువు గురువైనను పద్యము చెడును. బండిచక్రము తేటగీతి వంటిది. కొంత వదులునకు తావిచ్చును. రివాల్వరు సిలిండరు ఉత్పలమాల.

అట్లని పూర్వులు సిలిండరులను మార్చకపోలేదు. గదులను ఈ వైపునుండి ఆ వైపునకు తొలిచి, వెనుకనుండి లోహపు తూటాలు పెట్టెడి సిలిండరునకు 1855లో రోలిన్ వైటు పేటెంటు పొందెను. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ ఆ హక్కును పొంది యితరులను అడ్డగించెను. 1869లో ఆ పేటెంటు ముగియగానే మందు, గుండు దట్టించు పాత రివాల్వరులకు తూటాల సిలిండరులను తగిలించుట పెద్ద వ్యాపార మాయెను. 1871 మొదలు కోల్టు సంస్థయే ఈ పని చేసెను. 1873లో క్రొత్తగ రూపొందించిన సింగిల్ యాక్షన్ ఆర్మీ అను రివాల్వరు వచ్చెను. అయితే ఈ మార్పిడులు చేసినవారు ఆరితేరిన పనివాండ్రు. ఒక్కొక్క ఆయుధమును చేతబట్టి సరిచూచి యిచ్చిరి.

ఇది గతించిన కథ యనుకొనవలదు. 1953లో అమెరికాలో రూగరు సంస్థ సింగిల్ యాక్షన్ రివాల్వరులను మరల చేయ నారంభించెను. రెండు తెఱగుల తూటాలకు రెండు సిలిండరులిచ్చెడి రకమును గూడ అమ్మెను. అట్టి రెండవ సిలిండరుపై ఆ రివాల్వరు సంఖ్యలోని చివరి అంకెలను వ్రాసి యిత్తురు. ఇంత యంత్రనైపుణ్యము పెరిగిన కాలమునను తోడు సంఖ్య తప్పలేదు. ఆ సంస్థ 1973కు ముందు చేసిన రివాల్వరులు నేలబడినచో వాటంతట పేలు ప్రమాదమున్నందున, వాటిని వెనుకకు తెప్పించుకొని రుసుము లేకుండ లోపలి భాగములు మార్చి యిచ్చుచున్నది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. అదే పేరు, అదే తూటా, అదే కాలము గల సిలిండరు దొరకినను, అది మీ రివాల్వరునకు పుట్టినది కాదు. దానిని అమర్చుట పనిముట్లు తెలిసిన నిపుణుని పని. కొడవలికి కక్కు పెట్టిన చేతికి ఎంత నేర్పున్నను ఇది యప్పగింపదగదు. వేఱొక చిక్కును గలదు. పాత రివాల్వరులు నల్లమందుకు చేయబడినవి. పొగలేని మందు ఒత్తిడికి తమ సింగిల్ యాక్షన్ ఆర్మీ తాళగలదని కోల్టు సంస్థ హామీ యిచ్చినది 1900లో మాత్రమే. సిలిండరు ఒక్కటి క్రొత్తదైనంత మాత్రమున పాత చట్రము బలపడదు.

చట్టమును మఱువరాదు. 1959లో పార్లమెంటు చేసిన ఆయుధచట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని నిర్వచనమున ఆయుధమన్న ఆయుధపు భాగములును చేరును. సిలిండరు ఒక్కటియే చేతనున్నను అది వట్టి యినుపముక్క కాదు. ఆయుధములను బాగుచేయు వృత్తికిని, రూపు మార్చు వృత్తికిని లైసెన్సు కావలయును. కావున లైసెన్సున్న పనివాని యొద్దకు, లైసెన్సున్న యజమాని, పోలీసువారి యెఱుకతో పోవుటయే మార్గము.

కాల్చు నవసరము లేని ఆయుధమునకు క్రొత్త సిలిండరు వెదకుట యెందుకని నా మనవి. చెడిన సిలిండరునైనను పాఱవేయవలదు. దానిపైనున్న సంఖ్య చట్రముపై సంఖ్యతో కలియుచున్నచో, ఆ రెండును ఒకేనాడు ఒకే బల్లపై ఒకరి చేతిలో కూర్చబడినవని తెలియును. పరదేశపు సిలిండరు తగిలించిన మఱుక్షణమే ఆ సాక్ష్యము చెడును. ఇంట నుంచుకొన వీలులేనివారు మ్యూజియమువారి నడుగవచ్చును. హైదరాబాదులో 1951లో ఏర్పడిన సాలార్జంగు మ్యూజియమున ఆయుధములకు ప్రత్యేకశాల యున్నది. మీ యింట నట్టి వస్తువున్నచో, ముందుగా చట్రముపై, సిలిండరుపై సంఖ్యలను ఒక కాగితముపై వ్రాసి, లైసెన్సు పుస్తకముతో కలిపి భద్రపఱచుడు. పిల్లలకు ఆ కాగితమును చూపి, ఆ సంఖ్య యేల వేయబడెనో చెప్పుడు.