చేతి విద్య - కంప్యూటరు చిత్రకళ

కంప్యూటరు వచ్చి చిత్రకారుని పొట్ట కొట్టిందనే మాట మన పట్టణాల్లో ఇరవై యేళ్ళుగా వింటున్నాను. 2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. సినిమా హాళ్ళ ముందు నిలువెత్తు బొమ్మలు వేసిన పెయింటర్లు ఎందరో పని పోగొట్టుకున్నారు. ఆ బాధ నిజమైనది. కాని దానికి చెబుతున్న కారణం మాత్రం సరైనదిగా నాకు తోచదు. చేతి విద్యకూ కంప్యూటరుకూ పుట్టుకతోనే వైరం వున్నదనేవారు, ఈ కొత్త కళ చరిత్రను ఒకసారి తిరగవేసి చూడాలి.

1965లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లోనూ, న్యూయార్కులోనూ కంప్యూటరు బొమ్మల తొలి ప్రదర్శనలు జరిగాయి. వాటిని చేసినవారు గణితమూ, ఇంజనీరింగూ చదివినవారు. కాని కొద్దికాలంలోనే కుంచె పట్టి చదువుకున్నవారు కూడా ఆ యంత్రం దగ్గరకు వచ్చి, దానితో పనిచేయడాన్ని జీవితకాలపు వృత్తిగా నిలబెట్టారు. అటువంటి ఇద్దరిని ఉదాహరణగా తీసుకుంటాను.

వేరా మోల్నార్ 1924లో బుడాపెస్టులో పుట్టింది. అక్కడి లలితకళల కళాశాలలో చిత్రకళ చదివి, 1947లో పారిస్ చేరింది. 1959లో ఆమె ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ఇన్ని చదరాలు, వాటిలో ఇన్ని గీతలు, గీతకు ఇంత వాలు అని ముందుగా నియమాలు రాసుకునేది. తర్వాత తానే యంత్రమైనట్లు, వాటి ప్రకారం చేత్తో గీసేది. దానికి 'ఊహాయంత్రం' అని పేరు పెట్టుకున్నది. అంటే యంత్రం దొరకక ముందే ఆమె చేయి దానికి సిద్ధపడి వున్నదన్నమాట. 1968లో పారిస్‌లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధనాలయంలోని కంప్యూటరును వాడుకునే అవకాశం కలిగింది. నలభై నాలుగేళ్ళ వయసులో ఫోర్ట్రాన్ నేర్చుకున్నది. చిల్లుల కార్డులతో ఆదేశాలిచ్చి, ప్లాటరు గీసే కాగితం కోసం కాచుకు కూర్చోవడం - ఇదీ ఆనాటి పని. ఆమె మొదటి వ్యక్తిగత ప్రదర్శన 1976లో లండన్‌లో జరిగింది. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్ళు! 2022లో వెనిస్ బియెనాలేలో ఆమె చిత్రాలు పెట్టారు. 2023 డిసెంబరులో కన్నుమూసింది.

హెరాల్డ్ కోహెన్ లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివాడు. 1966లో వెనిస్‌లో బ్రిటన్ తరఫున చిత్రాలు ప్రదర్శించిన పేరుమోసిన చిత్రకారుడు. 1968లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. 'ఆరన్' అనే ప్రోగ్రామును తయారుచేసి, 2016లో చనిపోయేదాకా దానిని దిద్దుతూనే వచ్చాడు. దానికి అతడు నేర్పినదేమిటి? గీత ఎక్కడ మూసుకుంటే ఆకారమవుతుంది, ఏది లోపల, ఏది వెలుపల, ఒక ఆకారానికి మరొకటి అడ్డువస్తే గీత ఎక్కడ ఆగాలి - ఇవి చిత్రకళ విద్యార్థి మొదట్లో నేర్చే పాఠాలే. చాలాకాలం ఆ యంత్రం గీతలు మాత్రమే గీసింది. రంగులు కోహెన్ తన చేత్తో వేశాడు.

వీరి ప్రతిభను నేను తక్కువ చేయను. కాని ప్రతిభ ఒక్కటే చాలిందా? ఆ రోజుల్లో కంప్యూటరు కొనడం ఏ చిత్రకారుని తరమూ కాదు. మోల్నార్‌కు పరిశోధనాలయం తలుపు తెరిచింది. కోహెన్‌కు విశ్వవిద్యాలయం ఉద్యోగమిచ్చింది. చేతి విద్య యంత్రం దాకా చేరింది అందువల్లనే.

ఇక మన పెయింటరు సంగతి చూద్దాం. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కొక్క గడిలో వున్నదాన్ని పెంచుతూ బొమ్మ వేసేవాడు. కంప్యూటరు కూడా ఫొటోను గళ్ళుగానే చూస్తుంది. కనుక ఆ విద్య అతనికి పరాయిది కాదు. యంత్రమే పరాయివారిది. పెట్టుబడి వున్నవాడు ఫ్లెక్సీ యంత్రం కొన్నాడు. దాని ముందు కూర్చునే శిక్షణ కుంచె పట్టినవారిలో ఎక్కువమందికి అందలేదు.

2022 నుంచి, మాటల్లో అడిగితే బొమ్మ గీసిపెట్టే ప్రోగ్రాములు జనంలోకి వచ్చాయి. కోహెన్ తనకు తెలిసిన విద్యను తానే నియమాలుగా రాసి యంత్రానికిచ్చాడు. ఈ ప్రోగ్రాములు లెక్కలేనంతమంది గీసిన బొమ్మలనుంచి నేర్చుకున్నాయి. వారిలో అత్యధికుల అనుమతి ఎవరూ అడగలేదు. 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు దీనిపై కోర్టుకెక్కారు. అది యంత్రద్వేషం కాదు, తమ శ్రమపై హక్కు కోసం వేసిన దావా.

కాబట్టి కుంచె పాఠం ఇక ఎందుకు అనేవారూ, కంప్యూటరును కళాశాల గుమ్మం బయటనే వుంచాలనేవారూ కూడా పొరబడుతున్నారని నా అభిప్రాయం. విద్యార్థికి గీత నేర్పాలి. యంత్రాన్ని అతనికి అందుబాటులో వుంచాలి. తన గీతమీద వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతున్నదో అడగడం కూడా నేర్పాలి. మొదటి రెండూ గురువులు చేయగలరు. మూడవది చిత్రకారులు సంఘంగా నిలబడితేనే సాధ్యమవుతుంది.