ఆముదం తాగిన మోటారు సైకిలు

నూనె తెగ తాగే వంకాయ వేపుడునీ, ఇంజినాయిల్ తెగ తాగే మోటారు సైకిల్నీ ఏ ఇల్లాలూ మెచ్చుకోదు. మొదటిదాన్ని అదుపులో పెట్టడం మనకి తెలుసు. రెండోది మెకానిక్కుల వ్యవహారమని ఊరుకుంటాం. ఆ డబ్బూ మన పోపులడబ్బాలోంచి పోయేదే కదా! అందుకే దాని పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను.

నూనె తాగడం మోటారు సైకిలుకి పుట్టుకతో వచ్చిన గుణమేనండీ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా బళ్లకి చేతిపంపు ఉండేది. నడిపే మనిషే దారిలో అప్పుడప్పుడూ అది నొక్కి ఇంజినుకి నూనె పట్టించాలి. ఆ నూనె కొంత పొగై, కొంత రోడ్డు మీద కారి, మళ్లీ వెనక్కి వచ్చేది కాదు.

ఆ నూనెల్లో గొప్ప పేరు దేనిదనుకున్నారు? మన ఆముదానిది! ఎంత వేడిలోనైనా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది మరి. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో ఇంగ్లండులో పెట్టిన కంపెనీ, 1909లో ఆముదం కలిపిన నూనె తయారుచేసి, ఆముదం ఇంగ్లీషు పేరు మీదే 'క్యాస్ట్రాల్' అని పిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో (1914-18) కొన్ని విమానాల ఇంజిన్లు ఆముదాన్ని తాగి, మిగిలింది పైలట్ల ముఖాన చిమ్మేవి. పాపం, వాళ్ల కడుపులు ఏమయ్యేవో మనకి వేరే చెప్పాలా!

అయితే ఆముదం జిగురు కడుతుంది. అందుకని పెట్రోలియం నూనెలదే పైచేయి అయింది. వాటికో చిక్కుంది: చలికి చిక్కబడతాయి, వేడికి పల్చబడతాయి. మరీ పల్చబడితే పిస్టన్ రింగుల సందులోంచి పైకి పాకి పెట్రోలుతో పాటు కాలిపోతాయి. అమెరికాలో ఎస్.ఎ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం చిక్కదనానికి అంకెలు ఏర్పరిచింది. తర్వాత రెండంకెల నూనెలు వచ్చాయి. 10డబ్ల్యు-30 అంటే మొదటి అంకె చలిలో నడతకి, రెండోది వేడిలో చిక్కదనానికి గుర్తు.

మన దేశంలో రాజ్‌దూత్ లాంటి టూస్ట్రోక్ బళ్లు పెట్రోల్లోనే నూనె కలిపించుకుని దాన్నీ కాల్చేసేవి. 1985లో ఫోర్‌స్ట్రోక్ హీరోహోండా సి.డి.100 వచ్చాక, నూనె ఇంజిన్ అడుగునే ఉండి తిరుగుతూ పనిచేసే బండి సామాన్యుల గుమ్మం ముందుకొచ్చింది. అప్పట్నించీ అతిగా నూనె తాగడం బండి గుణం కాదు, జబ్బు.

మందు ఏమిటంటారా? ముందు బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. అది ఒప్పుకుంటే 30కి బదులు 40 అంకె నూనె పోయించవచ్చు. సింథటిక్ అయితే వేడికి ఆవిరయ్యేది తక్కువ. డబ్బా మీద 'జాసో ఎం.ఎ.' అని ఉండాలి. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటుంది, కారు నూనె పోస్తే అది జారిపోవచ్చు. పుస్తకాన్ని మించి చిక్కటి నూనె పోయిస్తే, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు అది అన్ని భాగాలకీ చప్పున అందదు. పొగ నీలంగా వస్తుంటే మాత్రం రింగులో, వాల్వు సీళ్లో అరిగాయన్నమాట. దానికి ఏ నూనే వైద్యం చేయదు. నూనె అడుగంటితే ఇంజినే పట్టేస్తుంది, ఆ ఖర్చు వేలల్లో!

పాలలెక్క రాసే క్యాలెండరు మీదే, బండికి నూనె ఎప్పుడు ఎంత పోయించారో కూడా రాసి పెట్టండి. ఏ నెల దాహం పెరిగిందో ఇట్టే తెలిసిపోతుంది.