మెరుగురాయి (మంగలికత్తి)

మెరుగురాయి అనగా మంగలికత్తిని నూరే క్రమంలో అన్నిటికంటె చివర వాడే మిక్కిలి సన్నని సానరాయి. ముతకరాళ్ళు కత్తికి వాదర పుట్టిస్తాయి. మెరుగురాయి ఆ వాదరపై మిగిలిన గీతలను సన్నగిల్లజేసి, గడ్డం గీసేటప్పుడు చర్మం మండకుండా చేస్తుంది. దీని తరువాత మిగిలేది తోలుపట్టీ మీద కత్తిని తీయడం మాత్రమే.

ఈ రాయి ఎన్నికలో తరచుగా జరిగే పొరపాటు, చేతికి నునుపుగా తగిలిన ప్రతి రాయినీ సన్నని సానరాయిగా భావించడం. నునుపు వేరు, ఉక్కును కోసే గుణం వేరు. సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం, కోదాడ, పొరుగున నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ ప్రాంతాల వారికి ఈ తేడా తెలియడం మరింత అవసరం. అక్కడ ఇళ్ళలో పరచిన నాపరాయి చూపుకు, స్పర్శకు చక్కని సానరాయిని తలపిస్తుంది గాని ఈ పనికి రాదు.

పేర్లు

సంస్కృతంలోని శాణ శబ్దం నుండి తెలుగులో సాన ఏర్పడినది. గంధం తీసే రాయిని కూడా సాన అనే అంటారు, కాని అది గరుకుగా ఉంటుంది, కత్తి పనికి సంబంధం లేనిది. కత్తి నూరే రాయిని సానరాయి, నూరురాయి అని పిలుస్తారు. క్షురకుల పనిముట్ల సంచికి పొది అని పేరు. కత్తి, కత్తెర, తోలుపట్టీలతో పాటు అరచేతిలో ఇమిడే చిన్న సానరాయి కూడా పొదిలో ఉండేది.

కత్తి నిర్మాణం

మంగలికత్తి వీపు మందంగా, వాదర పలుచగా ఉంటుంది. నూరేటప్పుడు వీపు, వాదర రెండూ ఒకేసారి రాతిని తాకుతాయి. అందువల్ల వంటకత్తి వలె కోణాన్ని చేతితో నిలబెట్టవలసిన పని లేదు, కత్తి వెడల్పు, వీపు మందమే కోణాన్ని నిర్ణయిస్తాయి. ఆ కోణం సాధారణంగా 15 నుండి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇంత పలుచని వాదరను నిలబెట్టడానికి ఉక్కును బాగా గట్టిపరుస్తారు. మంచి కత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60కి అటూ ఇటూగా ఉంటుంది.

సైకిలు చక్రంతో సాన తిప్పుతూ వీధుల్లో తిరిగే వారికి కత్తిపీటలు, కత్తెరలు ఇవ్వవచ్చును గాని మంగలికత్తిని ఇవ్వరాదు. తిరిగే సాన వద్ద పుట్టే వేడికి పలుచని వాదర మెత్తబడి, ఉక్కు గట్టిదనం పోతుంది. అలా పోయిన కత్తిని ఏ మెరుగురాయీ బాగు చేయలేదు.

ప్రాచీన ప్రస్తావన

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రచికిత్స పరికరాలను గురించి చెప్పిన అధ్యాయంలో వాటిని నూరడానికి మినుముల రంగు గల నునుపైన రాయిని, వాదరను నిలపడానికి బూరుగుచెక్క పలకను వాడాలని ఉన్నది. పరికరం వెంట్రుకను కోయగలిగినప్పుడే దానిని పనికి తీసుకోవాలనీ అందులో చెప్పబడినది. నేటి మెరుగురాయి, తోలుపట్టీ, వెంట్రుక పరీక్ష మూడింటికీ ఇందులో పోలిక కనిపిస్తుంది. నల్లని నునుపైన ఆ రాయి పలకరాయి జాతికి చెందినది కావచ్చునని ఊహించవచ్చును గాని గ్రంథంలో రంగు తప్ప జాతి చెప్పలేదు.

రాయి ఉక్కును కోసే తీరు

సానరాయి కోసే గుణం దానిలోని రేణువులపై ఆధారపడుతుంది. మూడు సంగతులు ముఖ్యం: రేణువు ఉక్కు కంటె గట్టిగా ఉండాలి, చాలా చిన్నదిగా ఉండాలి, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి. గట్టిపరచిన ఉక్కు మోస్ కొలతలో సుమారు 6.5 ఉంటుంది. క్వార్ట్జ్ 7, గార్నెట్ 6.5 నుండి 7.5 వరకు ఉంటాయి, కనుక ఇవి పనికివస్తాయి. సున్నపురాతిలోని కాల్సైటు 3 మాత్రమే. దాని మీద ఎంతసేపు రుద్దినా రాయి అరుగుతుంది గాని కత్తి అరగదు.

కృత్రిమ రాళ్ళపై ఉండే అంకె రేణువు పరిమాణాన్ని సూచిస్తుంది. జపాను ప్రమాణంలో 1000 అంకె గల రాతి రేణువు సగటున 11.5 మైక్రాన్లు, 4000 రాతిది 3 మైక్రాన్లు, 8000 రాతిది 1.2 మైక్రాన్లు. దేశాన్ని బట్టి, తయారీదారుని బట్టి కొలమానం మారుతుంది. కనుక రెండు వేర్వేరు కంపెనీల 8000 రాళ్ళు ఒకటే అనుకోరాదు. సహజ రాళ్ళకు అంకె ఉండదు. అమ్మేవారు చెప్పే అంకె వారి అంచనాయే.

ప్రసిద్ధమైన మెరుగురాళ్ళు

బెల్జియం దేశపు ఆర్డెన్స్ కొండలలో దొరికే లేతపసుపు కోటిక్యూల్ రాతిలో గార్నెట్ రేణువులు మెత్తని మైకా మధ్య పొదిగి ఉంటాయి. దీనికి ఒక సౌకర్యం కలదు. చిన్న రాతిముక్కతో రుద్ది పైన పలుచని బురద చేస్తే వేగంగా కోస్తుంది, నీళ్ళు కలుపుతూ ఆ బురదను పలుచన చేసే కొద్దీ మెరుగు పెడుతుంది. జర్మనీలోని తురింజియా పలకరాళ్ళు, బ్రిటన్‌లోని వేల్స్ పలకరాళ్ళు కూడా పేరుపొందినవే. అమెరికాలోని ఆర్కాన్సా రాయి దాదాపు శుద్ధమైన సూక్ష్మ క్వార్ట్జ్‌తో ఏర్పడినది, మిక్కిలి నెమ్మదిగా కోస్తుంది, చాలామంది దీనిని నూనెతో వాడుతారు. జపానులో క్యోటో పరిసర గనుల రాళ్ళు, ముఖ్యంగా నకయామా గని రాళ్ళు, అత్యంత విలువైనవి. పాత గనులు అనేకం మూతబడినందున వీటి ధర సామాన్యునికి అందదు.

కృత్రిమ రాళ్ళలో 8000, 10000, 12000 అంకెల నీటిరాళ్ళు మెరుగురాళ్ళుగా వాడుకలో ఉన్నవి. సహజ రాయి ముక్కముక్కకూ తేడా చూపుతుంది, కృత్రిమ రాయి ఒకే తీరుగా పనిచేస్తుంది. కొత్తవారికి రెండవదే మేలు. అసలు 8000 రాయితో, మంచి తోలుపట్టీతో సుఖంగా గడ్డం గీసుకునే వారు ఎందరో కలరు. అంతకు పై రాళ్ళు కావాలా వద్దా అనేది చర్మాన్ని, వెంట్రుకల బిరుసును బట్టి తేలవలసిన విషయం.

నడిగూడెం పరిసరాల రాళ్ళు

నడిగూడెం చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్ళు కనిపిస్తాయి. వీటిలోని స్ఫటికాలు మిల్లీమీటర్ల పరిమాణంలో, వేర్వేరు గట్టిదనాలతో ఉంటాయి. కొడవళ్ళు, గొడ్డళ్ళు నూరడానికి ఇవి చాలు, కాని మంగలికత్తి వాదర వీటి మీద పళ్ళుపడుతుంది.

దక్షిణాన మేళ్ళచెరువు, హుజూర్‌నగర్, మట్టంపల్లి మీదుగా కృష్ణానది వైపు, మిర్యాలగూడకు దిగువన దామరచర్ల వైపు సున్నపురాయి పొరలు ఉన్నవి. ఈ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలియడానికి కారణం ఇవే. ఇళ్ళలో పరిచే బండలలో చాలావరకు ఈ జాతివే. నాపరాయి రేణువు సన్నగా ఉండటం వల్ల ఉపరితలం నునుపుగా ఉంటుంది, నీళ్ళు చల్లితే జారుతుంది. అయినా ముఖ్య ఖనిజం కాల్సైటు కనుక ఉక్కును కోయదు. ఒకవేళ అందులో అక్కడక్కడా క్వార్ట్జ్ రేణువులు ఉంటే అవి వాదరను గీస్తాయి, అది మరీ చెడ్డది.

కృష్ణానది గులకరాళ్ళలో జాస్పర్, అగేటు వంటివి దొరుకుతాయి. ఇవి క్వార్ట్జ్ జాతివి, చాలా గట్టివి. కాని వాటిని చదునుగా కోయించి అరగదీయడమే పెద్ద శ్రమ. ఆపైన అవి కోసే వేగం కూడా మిక్కిలి తక్కువ.

మార్కాపురం బడిపలకలకు ప్రసిద్ధి. యూరోపులో మెరుగురాళ్ళుగా పేరుపొందిన వాటిలో కొన్ని కూడా పలకరాళ్ళే. అంతమాత్రాన ప్రతి బడిపలకా సానరాయి కాదు. పొరల మధ్య గట్టి నలుసులు ఉండవచ్చును, అంచులు పొట్టు లేవవచ్చును. ముందుగా పాత కత్తితో పరీక్షించనిదే మంచి కత్తిని దానిపై పెట్టరాదు.

పట్టణాల ఇనుప సామాను దుకాణాలలో సాధారణంగా దొరికేది సిలికాన్ కార్బైడు రాయి. ఒక ముఖం ముతక, మరొక ముఖం సన్నం. ఆ సన్నపు ముఖం కూడా వంటకత్తికి సన్నమే గాని మంగలికత్తికి ముతకే. దానిని మెరుగురాయిగా వాడితే ఉన్న పదును పోతుంది.

పరీక్షలు

తెలియని రాయి దొరికినప్పుడు రెండు సులభ పరీక్షలు కలవు. రాతిపై నిమ్మరసం గాని వెనిగారు గాని వేస్తే బుడగలు వస్తే అది సున్నపురాయి, పక్కన పెట్టవచ్చును. బుడగలు రాకపోతే తడిపి, పనికిరాని ఉక్కుకత్తిని కొంతసేపు రుద్ది, ఆ నీటిని తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డపై ఉక్కుపొడి వల్ల నల్లని మరక పడితే రాయి కోస్తున్నట్లు. రాతి రంగు మాత్రమే అంటితే రాయి అరుగుతున్నట్లు. నల్లని పలకరాయి విషయంలో కత్తి లేకుండా రుద్దిన నీటితో పోల్చి చూడాలి, లేనిచో పొరబడే అవకాశం ఉన్నది. ఆ తరువాత పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో వాదరను చూడాలి. మధ్య మధ్య లోతైన ఒంటి గీతలు ఉంటే రాతిలో నలుసులు ఉన్నవని అర్థం.

వాడే విధానం

మెరుగురాయి లోపాలను సరిదిద్దదు. వాదరలో పళ్ళు ఉన్నా, మొద్దుబారినా మొదట 1000, తరువాత 4000, 8000 రాళ్ళ మీద నూరి రావాలి. ముందటి రాయి గీతలు పూర్తిగా పోకుండా తరువాతి రాతికి వెళ్ళడం వల్లనే చాలామంది మెరుగురాయిని నిందిస్తారు. ఇంతకు ముందు చక్కగా తెగుతూ క్రమంగా మందగించిన కత్తికి మాత్రం మెరుగురాయి ఒక్కటే చాలును.

రాయి సమతలంగా ఉండాలి. గుంటపడిన రాతిపై వాదర అంతటా ఒకే తీరుగా ఆనదు. మందపాటి గాజుపలకపై నీటిలో తడిపే గరుకుకాగితం పరచి, రాతిపై పెన్సిలు గీతలు గీసి, ఆ గీతలన్నీ పోయేవరకు రుద్దితే చదును అవుతుంది. రాయి వెడల్పు కత్తి పొడవు కంటె తక్కువైతే, మడమ నుండి కొన వరకు మొత్తం రాతిని తాకేటట్లు కత్తిని ఏటవాలుగా లాగాలి. వాదర ముందుండగా కత్తిని నడపాలి, మలుపు వద్ద వీపు మీదుగా తిప్పాలి. వాదర మీదుగా తిప్పరాదు. కత్తి బరువుకు మించిన ఒత్తిడి అవసరం లేదు. మరీ ఎక్కువ నూరితే వాదర చివర రేకు వంటి పొర లేస్తుంది. అది గడ్డం గీసేటప్పుడు విరిగి చర్మాన్ని గీస్తుంది. అటువంటప్పుడు వాదరను కొద్దిగా మొద్దుచేసి మళ్ళీ తక్కువ సార్లు నూరడమే మార్గం.

ప్రస్తుత వాడుక

ఒకే కత్తిని పలువురికి వాడటం వల్ల హెపటైటిస్ బి, హెచ్‌ఐవి వంటివి రక్తం ద్వారా సోకే ప్రమాదం ఉన్నదని తెలిసిన తరువాత క్షౌరశాలలలో నూరే కత్తి స్థానాన్ని బ్లేడు మార్చే కత్తి ఆక్రమించినది. సగానికి విరిచిన బ్లేడును అందులో అమర్చి, ఒక్కొక్కరికి కొత్తది వాడుతారు. దీనికి సానరాయి, తోలుపట్టీ అవసరం లేవు. ఈ మార్పు ఆరోగ్యరీత్యా సరియైనదే. అయితే దీనితో క్షురక వృత్తిలో తరతరాలుగా వచ్చిన సానపట్టే పని వెనుకబడినది. నూరే కత్తిని నేడు ఎక్కువగా సొంతానికి వాడుకునే వారే ఎంచుకుంటున్నారు. అటువంటి కత్తిని ఒక్కరే వాడాలి. ఇతరుల కత్తిని నూరిన రాతిపై తమ కత్తిని పెట్టవలసి వస్తే రాతి పైపొరను ముందుగా అరగదీసి కడగాలి, నూరిన తరువాత కత్తిని కూడా శుభ్రపరచాలి.