న్యాయవాదుల ఫీజు వివాదములు

కక్షిదారునకును అతని పక్షమున వాదించు వకీలునకును ప్రతిఫలమును గూర్చి పుట్టు తగవులు ఆ వృత్తియంత ప్రాచీనమైనవి. ఆ ధనము మర్యాదకై సమర్పించిన కానుకయా, లేక ఒడంబడికను బట్టి రాబట్టుకొనదగిన బాకీయా అను సంశయమే వీనిలో పెక్కింటికి మూలము. రోమునందు క్రీ. పూ. 204 నాటి సింకియా శాసనము వాదించుటకై కానుకలు గైకొనుటను నిషేధించినను అది ఆచరణమున నిలువలేదు, క్రీ. శ. 47లో క్లాడియసు చక్రవర్తి 10,000 సెస్టర్సియసులకు మించరాదని హద్దు విధించి సరిపెట్టుకొనెను. ఇంగ్లండునందు బారిష్టరు తన ఫీజుకై దావా వేయజాలడను సంప్రదాయము 1863లో కెనెడీ, బ్రౌను వ్యాజ్యమున మరల దృఢపడినది.

మన దేశమున శుక్రనీతి (దీని కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు) వ్యాజ్యపు విలువ పెరిగిన కొలది తగ్గునట్లుగా 16వ వంతు మొదలు 160వ వంతు వరకు నియోగికి (కక్షిదారుని పక్షమున వాదించు ప్రతినిధికి) వేతనమును నిర్ణయించి, అధికముగా గైకొనువాడు రాజదండనకు పాత్రుడనినది. 1793 నాటి బంగాళా 7వ రెగ్యులేషను గూడ వకీళ్ల ఫీజును వ్యాజ్యపు విలువకే ముడిపెట్టెను. 1846 నాటి 1వ చట్టము ఈ కట్టును సడలించి, ఇరువురును తమలో తాము ఫీజు కుదుర్చుకొనవచ్చుననెను. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టమో, ప్లీడరుతో చేసికొను ఒప్పందము వ్రాతపూర్వకమై, 15 దినములలో న్యాయస్థానమున దాఖలు కావలెననియు, న్యాయసమ్మతము కానిచో అది రద్దు కాదగుననియు విధించినది. 1926 నాటి ఫీజుల చట్టము న్యాయవాదికి దావా హక్కు నొసగుచు, వెంటనే అశ్రద్ధకు అతనిపై దావా వేయు హక్కును కక్షిదారునకు గూడ ఒసగెను. ఇచ్చిపుచ్చుకొనుట యనిన ఇదియే.

రాబడిలో సగము తనకీయవలెనని ఒప్పించుకొనిన యొక సీనియరు న్యాయవాది నడవడిని సుప్రీంకోర్టు 1954లో వృత్తి దుష్ప్రవర్తనగా తీర్మానించెను. 1961 నాటి అడ్వొకేట్ల చట్టమును అనుసరించి బారు కౌన్సిలు చేసిన నియమములును ఫలితముపై ఆధారపడు ఫీజును నిషేధించినవి. పూర్వులు ధర్మమని యెంచిన వంతుల కొలత ఇట్లు దోషస్థానమున నిలిచినను, ఓడిన పక్షము చెల్లింపవలసిన ఖర్చులను లెక్కించునపుడు మన కోర్టులు నేటికిని వ్యాజ్యపు విలువనే ఆధారముగా గైకొనుట వింతయే.

ఫీజు చెల్లింపలేదని కాగితములను బిగబట్టుట మరియొక జగడము. మధ్యప్రదేశమున ఒక సహకార బ్యాంకు న్యాయవాది, తనకు రూ. 97,100 రావలెనని దస్త్రములను తిరిగి యీయకుండెను. బాకీ తీరువరకు సరకులను నిలుపుకొననిచ్చు 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 171వ సెక్షనును అతడు ఆశ్రయింపగా, వ్యాజ్యపు దస్త్రములు ఆ సెక్షను చెప్పు సరకులు కావనియు, వేరొక వకీలును పెట్టుకొను కక్షిదారునకు అవి అత్యావశ్యకములనియు సుప్రీంకోర్టు 2000లో నిర్ణయించి, బారు కౌన్సిలు విధించిన 18 నెలల బహిష్కరణమును మాత్రము మందలింపుగా తగ్గించెను.

తెలంగాణమున వాహనప్రమాదమున భర్తను గోల్పోయిన యొక స్త్రీ నుండి, పరిహారములో శాతమును ఫీజుగా లెక్కగట్టి చెక్కు గైకొనిన న్యాయవాది, అది చెల్లకపోవుటచే క్రిమినలు ఫిర్యాదు చేసెను. అట్టి ఫీజు ప్రజాహిత విరుద్ధమని సుప్రీంకోర్టు 2017లో ఆ ఫిర్యాదును కొట్టివేసి, వృత్తి నియంత్రణమునకు తగిన శాసనమును గూర్చి యోచింపవలెనని ప్రభుత్వమును కోరెను. 2024 మే 14న న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టము పరిధిలోనికి రాదని అదే న్యాయస్థానము తేల్చుటచే, అసంతృప్తుడైన కక్షిదారునకు సివిలు కోర్టును, రాష్ట్ర బారు కౌన్సిలు క్రమశిక్షణ సంఘమును మాత్రమే ప్రధాన మార్గములుగా మిగిలినవి. అందు రెండవది వకీలును దండింపగలదే కాని ఫీజు లెక్కను తేల్చునది కాదు.