చక్కెర సీమలో బండి మర్యాద

నిజామాబాద్‌లో బుల్లెట్ ఉన్నవాళ్ళు, పాత జావాను ప్రాణంగా చూసుకునేవాళ్ళు, ఆర్‌ఎక్స్ 100 చప్పుడు వినబడితే తల తిప్పేవాళ్ళు నలుగురు ఒకచోట కూడితే మాట్లాడుకునేది బండి గురించే. ఏ ఆయిలు పోయాలి, చైను ఎంత బిగువు ఉండాలి, ఎవరి షెడ్డులో పని నమ్మకంగా జరుగుతుంది అన్నవే ముచ్చట్లు. ఈ సలహాలతో పాటు కొన్ని కట్టుబాట్లూ ఉంటాయి. పక్కవాడి బండిని అడగకుండా కిక్కు కొట్టకూడదు. దారిలో బండి ఆగిపోయినవాణ్ణి చూసి దాటిపోకూడదు. ఇంకొకరి కార్బురేటర్ స్క్రూ తిప్పితే ఎంత తిప్పావో చెప్పాలి. అరువు తెచ్చుకున్న ప్లగ్గు బదులు కొత్త ప్లగ్గు ఇవ్వాలి. ఇవన్నీ హైదరాబాద్, బెంగుళూరు క్లబ్బుల నుంచి ఈమధ్య దిగుమతి అయ్యాయని చాలామంది అనుకుంటారు. జాకెట్లు, స్టిక్కర్లు, వరుసగా నడపడంలో ముందుండేవాడికీ వెనకుండేవాడికీ ఉన్న బాధ్యతలు అలా వచ్చినవే కావచ్చు. సలహా ఇచ్చిపుచ్చుకునే మర్యాద మాత్రం అంతకంటే బాగా పాతది. దాన్ని పుట్టించినవి నా లెక్కలో మూడు: ఆనాటి ఇంజన్ల నిర్మాణం, విడిభాగాల కొరత, ఈ చెరకు సీమలో పని నడిచే తీరు.

ముందు సీమ సంగతి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్ళు బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పారాకే ఇక్కడి పొలం ముఖం మారింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువల కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. చెరకు వరిలాంటి పంట కాదు. కోసిన వరిని కుప్ప వేసి ఆగొచ్చు. కొట్టిన చెరకు రోజు దాటితే బరువు తగ్గుతుంది, లోపలి చక్కెర విరిగిపోతుంది. అందుకే గానుగ నడిచే నెలల్లో పొలానికీ ఫ్యాక్టరీకీ మధ్య కబురు వేగంగా నడవాలి. ఎవరి తోటకు కటింగ్ పర్మిట్ వచ్చింది, యార్డులో ఎన్ని బండ్లు నిలబడ్డాయి, గానుగ ఆగిందా నడుస్తోందా అన్నది గంట గంటకూ తెలియాలి. నిజామాబాద్ నుంచి జానకంపేట మీదుగా బోధన్‌కు రైలుంది. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లోనే 27 బస్సులతో మొదలై తరవాత ఆర్టీసీగా ఎదిగింది. కానీ రైలూ బస్సూ ఊరి దాకానే వస్తాయి. కాలువ గట్టు మీద నుంచి చెరకు తోట దాకా పోవాలంటే కాలినడక, ఎడ్లబండి, సైకిలు, లేదంటే మోటార్‌సైకిలు. ఈ సీమలో మోటార్‌సైకిలు విలాసంగా అడుగుపెట్టినా, పనిముట్టుగానే స్థిరపడింది అనడానికి ఇదే కారణం.

ఆ పనిముట్లు ఏవో లెక్కపెట్టడం కష్టం కాదు, ఎందుకంటే లైసెన్సుల కాలంలో దేశం మొత్తానికీ ముఖ్యంగా మూడే రకాలు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చేసిన జావా, 1973 నుంచి దానికే యెజ్డీ అన్న పేరు. పోలండ్ నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసిన రాజ్‌దూత్. ఇక స్కూటర్లంటారా, డబ్బు కట్టి ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాల్సిన కాలం. ఒకసారి కొన్న బండి ఇరవై ఏళ్ళు నడవాల్సిందే. సామాను కావాలంటే హైదరాబాద్ పోయి తేవాలి, లేదా ఎవరైనా పోతుంటే చిట్టీ రాసివ్వాలి. అలాంటి రోజుల్లో పక్క ఊళ్ళో అదే కంపెనీ బండి ఇంకొకటి ఉండటం చిన్న విషయం కాదు. దాని యజమాని దగ్గర క్లచ్ కేబులో, పాయింట్ల సెట్టో అదనంగా ఉంటే అది మీకూ ఉన్నట్టే. ఈరోజు మీరు తీసుకుంటే రేపు ఆయనకు ఇవ్వాలి. అరువు తెచ్చుకున్నది కొత్తదిగా తిరిగివ్వాలన్న నియమం ఇక్కడ పుట్టిందే. మంచితనం దీనికి తోడైంది గానీ, దీన్ని నిలబెట్టింది అవసరం.

యంత్రం దగ్గరికి వస్తే వాదన ఇంకా గట్టిపడుతుంది. ఆ బండ్లన్నిటిలోనూ ప్లగ్గుకు నిప్పు రావాలంటే పాయింట్లు తెరుచుకుని మూసుకోవాలి. బుల్లెట్‌లో ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. గోరంత ఉండే ఆ రెండు లోహపు బొడిపెలు ప్రతి నిప్పుకూ కొద్దికొద్దిగా కాలి, నల్లబడి, గుంటలు పడతాయి. కొన్నాళ్ళకొకసారి మూత విప్పి, సన్నటి ఎమరీ కాగితం మధ్యలో పెట్టి మెల్లగా లాగి, ఫీలర్ గేజీతో సందు చూసి, స్క్రూ బిగించాలి. బిగించేటప్పుడే సందు మళ్ళీ కదులుతుంది, కాబట్టి రెండోసారి చూడాలి. ప్లగ్గు ఊడదీస్తే అది ఇంజన్ లోపలి సంగతి చెబుతుంది. ఇటుక రంగులో పొడిగా ఉంటే మంచిది. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలి ఉంటే తక్కువ పోతోంది, వేడెక్కుతోంది. జావా, రాజ్‌దూత్‌లకు పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. లీటరుకు 40, 50 మిల్లీలీటర్లు కొలిచి పోసి, బండిని అటూ ఇటూ ఊపితే తప్ప కలవదు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది, దాన్ని విప్పి కాల్చి తోమాలి. ఇదంతా షెడ్డు పనే అని వదిలేస్తే బండి వారంలో నాలుగు రోజులు షెడ్డులోనే ఉంటుంది. కాబట్టి యజమానికి చెయ్యి తిరగక తప్పలేదు, చెయ్యి తిరిగినవాడు చెప్పక తప్పలేదు.

పైన చెప్పిన కట్టుబాట్లు ఒక్కొక్కటీ ఇందులోంచే వచ్చాయి. పాత బుల్లెట్‌ను కిక్కు కొట్టడం చూస్తే మొదటి నియమం అర్థమవుతుంది. ముందు అమ్మీటర్ ముల్లు చూడాలి. డీకంప్రెషన్ లివర్ నొక్కి, పిస్టన్‌ను పైకొస అంచు దాటేదాకా నెమ్మదిగా తొక్కాలి. లివర్ వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా తొక్కాలి. టైమింగ్ ముందుకు జరిగి ఉన్న బండిని తెలియనివాడు సగం బలంతో తొక్కితే కిక్కర్ ఎదురు తిరిగి చీలమండను దెబ్బతీస్తుంది. ఏ బండి టైమింగ్ ఎలా ఉందో దాని యజమానికే తెలుసు. అడగకుండా ఇంకొకడి బండి తొక్కకూడదన్న మాట అహంకారం వల్ల వచ్చింది కాదు, కాళ్ళు కాపాడుకోవడానికి వచ్చింది. స్క్రూ ఎంత తిప్పావో చెప్పాలన్నదీ అంతే. కార్బురేటర్‌లో గాలి స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో తెలిస్తేనే తప్పును వెనక్కి తిప్పగలం. చెప్పకుండా పోయినవాడు సాయం చేసినట్టు కనబడి పని పెంచిపోయాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. కొరత, పాతకాలపు ఇంజన్లు దేశమంతటా ఉన్నాయి కదా, ఇందులో బోధన్ ప్రత్యేకం ఏమిటి? చక్కెర మిల్లులో ఫిట్టర్ చూసేది గానుగ రోలర్లు, టర్బైన్లు, సెంట్రిఫ్యూగల్ యంత్రాలు. వాటికీ 250 సీసీ ఇంజన్‌కూ సంబంధం ఏమిటి? నిజమే, మిల్లు పని తెలిసినంత మాత్రాన జావా మరమ్మతు రాదు. మిల్లు నేర్పింది వేరే విషయం. చక్కెర ఫ్యాక్టరీ ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తుంది. ఆ నెలల్లో ఎక్కడైనా ఆగితే వందల ఎకరాల చెరకు ఎండుతుంది. అందుకని మిగతా నెలలన్నీ ప్రతి యంత్రాన్నీ విప్పి, కడిగి, అరిగినది మార్చి, మళ్ళీ బిగించే ఓవర్‌హాలింగ్‌లో గడుస్తాయి. పాడైనప్పుడు బాగుచేయడం కంటే పాడవకముందే విప్పి చూడటం మేలన్నది ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. చెరకు రైతు కూడా అదే క్యాలెండర్‌తో బతుకుతాడు కాబట్టి, సీజన్ మొదలయ్యేలోపు బండి సిద్ధం కావాలన్నది అతనికి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. పైగా మిల్లు ఉన్నచోట లేత్ యంత్రాలుంటాయి, వెర్నియర్ పట్టుకోవడం వచ్చినవాళ్ళుంటారు. సిలిండర్ బోరింగ్ చేయించాలన్నా, దొరకని బుష్షు కొత్తగా తిప్పించాలన్నా అలాంటి చేతులే కావాలి.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. 1960, 70ల్లో మోటార్‌సైకిలు ఎవరికుంది? పెద్ద రైతుకు, ఆఫీసర్‌కు, డాక్టర్‌కు, కాంట్రాక్టర్‌కు. వాళ్ళలో వాళ్ళు ప్లగ్గులు ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఊరి ఆచారం అనడం సబబేనా అని అడగొచ్చు. సబబు కాదనే నేనూ ఒప్పుకుంటాను, షెడ్డును లెక్కలోంచి తీసేస్తే. ఈ సీమలో మెకానిక్ పని ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి నేర్చుకున్నదే. పదేళ్ళ పిల్లవాడు పానాలు అందించడంతో మొదలుపెడతాడు. కిరోసిన్‌లో సామాను కడుగుతాడు. ఏ నట్టుకు ఎన్నో నెంబర్ పానా కావాలో ఉస్తాద్ చెయ్యి చాచకముందే తెలిసిన రోజున ఇంజన్ మీద చెయ్యి పెట్టనిస్తారు. యజమానులు ఒకరికొకరు చెప్పుకున్న సలహాల్లో ఎక్కువ భాగం ఈ పిల్లలూ ఉస్తాదులూ పొగ పీల్చి, చేతులు కాల్చుకుని సంపాదించిన జ్ఞానమే. ఒక ఉస్తాద్ చేతిలో సగం పనిలో ఉన్న బండిని ఇంకొకరి షెడ్డుకు తీసుకుపోకూడదన్న మర్యాద కూడా ఇక్కడిదే. అది యజమానుల దయ వల్ల వచ్చిందని నేను అనుకోను. పని తెలిసినవాడు తక్కువగా ఉన్నప్పుడు అతనికి దక్కిన పరపతి వల్ల వచ్చింది. కూలీ మాత్రం ఆ పరపతికి తగ్గట్టు దక్కలేదు. ఈ చరిత్రలో ఆడవాళ్ళు దాదాపు లేరు, పిల్లల బడి పోయింది. ఆచారాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ రెండూ మరవకూడదు.

1985 ఈ కథను రెండు ముక్కలు చేసింది. ఆ ఏడాది హీరో హోండా సీడీ 100 వచ్చింది, యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా వచ్చింది. సీడీ 100కు పెట్రోల్లో ఆయిలు కలిపే పని లేదు, పాయింట్లు రుద్దే పని లేదు. పెట్రోలు పోయించుకుని మరిచిపొమ్మన్న అర్థం వచ్చేలా కంపెనీయే ప్రకటనలు ఇచ్చింది. మరిచిపోగలిగిన బండి సామాన్యుడికి పెద్ద మేలు చేసింది, అందులో సందేహం లేదు. చిన్న రైతు, టీచర్, దుకాణదారు బండి ఎక్కింది దానివల్లే. కానీ బండిని మరిచిపోగలిగినవాడికి పక్కవాడి సలహాతో పనిలేదు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో నిలిచిపోయింది. అదే ఏడాది మైసూరులో ఐడియల్ జావా మూతబడింది. ఇటు బోధన్‌లో 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గానుగ ఆపేశారు. చెరకు తగ్గి వరి పెరిగింది. షెడ్డులో పని నేర్చుకున్న కుర్రాడికి గల్ఫ్ దారి ముందు నుంచీ తెరిచే ఉంది. ఆచారాన్ని నిలబెట్టిన మూడు కాళ్ళలో ఇంజన్ మారింది, కొరత పోయింది, మిల్లు ఆగింది.

మరి ఇప్పటి క్లబ్బుల్లో ఆ మర్యాద ఎందుకు మళ్ళీ కనబడుతోంది? పాత బండ్లు ఉంచుకున్నవాళ్ళకు కొరత తిరిగి వచ్చింది కాబట్టి. తయారీ ఆగిపోయిన బండికి అసలు సామాను వెతకడం 1970లో హైదరాబాద్‌కు చిట్టీ పంపడం లాంటిదే. ఏటా జూలై రెండో ఆదివారం జావా దినం జరుపుకునేవాళ్ళ సందడిలో సగం సామాను ఆచూకీ గురించేనంటే ఆశ్చర్యం లేదు. కొత్త బండి కొన్నవాళ్ళ సంగతి వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. తప్పేమిటో సెన్సార్ చెబుతుంది, స్కానర్ చదువుతుంది. ఇక సలహా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. చైను ఇంకా చైనే, నాటు దినాల్లో బురద ఇంకా బురదే, టైర్లో గాలి ఎంతుందో చేత్తో నొక్కి చెప్పలేం. బ్రేకు ప్యాడ్ అరుగుదల కూడా చూసుకోవాల్సిందే. ఈ నాలుగూ ప్రాణానికి సంబంధించినవి. వీటి గురించి చెప్పాల్సిన చోట సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచే ఉపాయాలు చెప్పడాన్ని బండి ప్రేమ అనలేను. నిప్పు సందును మిల్లీమీటర్‌లో పదో వంతు దాకా చూసుకున్నవాళ్ళు కోరుకున్నది ఇంజన్ సాఫీగా నడవాలనే గానీ, ఊరంతా ఉలిక్కిపడాలని కాదు.

బోధన్ ఫ్యాక్టరీ గురించి ఇప్పటిదాకా రాసింది ఎక్కువగా ప్రైవేటీకరణ, బకాయిలు, మూత గురించే. రాయాల్సిందే. దాని పక్కన పెరిగిన ఈ చేతిపని చరిత్రకు మాత్రం కాగితం లేదు. ఉన్న ఉస్తాదులు ముసలివాళ్ళయ్యారు. నిజామాబాద్, బోధన్, వర్ని, బాన్సువాడల్లో ఆదివారం బండ్లు తీసే మిత్రులకు నా మనవి ఇది. ఒక ఆదివారం ప్రయాణం మానండి. మీ ఊళ్ళో 1985కు ముందు షెడ్డు నడిపిన ఉస్తాద్ దగ్గర కూర్చుని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ బండ్లు వచ్చేవో, సామాను ఎక్కడి నుంచి తెచ్చేవారో అడిగి రాసుకోండి. పాత ఆర్‌సీ పుస్తకాలు, సర్వీసు కార్డులు, సామాను బిల్లులు తూకానికి వేయకండి. వాటి నకళ్ళు ఒక కట్ట కట్టి నిజామాబాద్ జిల్లా గ్రంథాలయంలో ఇవ్వండి.